ఎదురు కత్తి

గుణుపురం రైలు గేటుకి ఇవతల
మూడు కుర్చీల కొట్టు నాది.
మూలన మా అయ్య సన్నాయి, గొంతెండిపోయి.

మొదటిసారి వచ్చినప్పుడు
గుమ్మం దగ్గర తల వంచేడు, అంత పొడుగు.
దేశం మలావీ అన్నాడు. నాకు మలేరియాలా వినబడింది.
పేరు చిసోమో.
మూడుసార్లు చెప్పించుకుని
"సోమూ, కూకో" అన్నాను.

ముప్పయ్యేళ్ళ చెయ్యి గదా, పొగరు.
నురగ పట్టించి, చర్మం లాగిపట్టి,
వాలుకి ఒకసారి, ఎదురుకి రెండుసార్లు,
పలకలా గీసి ఇచ్చేను.
అద్దంలో చూసుకుని ఏటీ అనలేదు.
నలభై రూపాయలు, పైన పది.

తొమ్మిదో రోజుకి మళ్ళీ వచ్చేడు.
దవడ కింద, గొంతు మీద
ఆవాలు చల్లినట్టు గుల్లలు,
కొన్ని చీము పట్టి.
"నీ తప్పు కాదన్నా" అన్నాడు, హాస్టల్లో నేర్చిన తెలుగుతో.
తిట్టి ఉంటే బాగుండును.

వాడే చెప్పేడు:
ఈ వెంట్రుక తిన్నగా లేవదు,
కొడవలిలా వంగి పుట్టినచోటికే చూస్తుంది.
మొదలంటా కోస్తే
ఆ మొనతోనే సొంత చర్మంలోకి దిగబడుతుంది.

ఆ రాత్రి నిద్ర లేదు.
ఉంగరాల గెడ్డం గౌరునాయుడు
ఇవే గుల్లలు చూపించినప్పుడు
"నీ రక్తం మంచిది కాదురా" అని పంపేసేను.
పాపం, వేపాకు రసం తాగేడు ఏడాదంతా.

కత్తి సొరుగులోకి పోయింది.
వేడినీళ్ళ తువ్వాలు ముందు, ఓపిగ్గా.
తరవాత మిషను, ఆవగింజంత నూగు మిగిల్చి.
కొబ్బరినూనెలో నాలుగు చుక్కలు ఆముదం.
దువ్వెన దగ్గరే వచ్చింది చిక్కు,
నా ప్లాస్టిక్ పళ్ళు రెండు ఆ గెడ్డంలోనే రాలిపోయాయి.
సంతలో సవర ముసలమ్మ సొంబారి
వెదురు చీల్చి, పన్నుకీ పన్నుకీ మధ్య
చిటికెన వేలు పట్టేంత సందుతో ఒకటి చెక్కి ఇచ్చింది.
"ఏ గొర్రెకి?" అంది.
"మనిషికే" అన్నాను.

ఎడమ చెంప మీద రూపాయి బిళ్ళంత జాగా
ఎంతకీ మొలవదు.
వచ్చినప్పుడల్లా అక్కడే వేలు పెడతాడు.
వాళ్ళ మామకి ఇరవయ్యారుకి గానీ నిండలేదట.
"మడంతా ఒకేరోజు పచ్చబడుతుందేటి?" అంటాను,
కాన్పు దగ్గర మంత్రసానిలా.

ఒకటి చెప్పాలి.
ఓ ఆదివారం కొట్టు నిండా జనం.
గోడ మీది బోర్డు, తెలుపు ఫేషియల్ రెండొందలు, చూపించి
ఎవడో అన్నాడు,
"వీడికి పూస్తే ఎన్ని డబ్బాలు పడతాయో!"
అందరూ నవ్వేరు.
నేనూ నవ్వేను, వాడి నల్లదనానికి
రెండు చాయలు మాత్రమే తక్కువైన మొహంతో.
కుర్చీలో వాడికి తెలుగొచ్చని
నా చేతికి మాత్రమే గుర్తుంది,
అది ఆగిపోయింది గెడ్డం మీద.
వాడు కళ్ళు తెరవలేదు.
"అన్నా, చెంప దగ్గర గీత తిన్నగా" అన్నాడు, అంతే.
అంత తిన్నటి గీత నా జన్మలో గియ్యలేదు.

ఇప్పుడు గౌరునాయుడు కూడా
ఎదురు కత్తి వద్దంటాడు.
కాలేజీ కుర్రాళ్ళు "సోము గీత" కావాలంటారు,
మీసం రానివాళ్ళు సైతం.

బోర్డు ఇంకా ఉంది. కరెంటు బిల్లుంది గదా.
దాని మేకుకే వెదురు దువ్వెన వేలాడుతోంది,
పళ్ళ మధ్య ఒక్క వెంట్రుక, చుట్ట చుట్టుకుని.
తడిపి లాగితే బెత్తెడు,
వదిలితే
మళ్ళీ తనకి నచ్చినంతే.