మూడు కుర్చీల సమీక్ష

వల్కాలో రైలు దిగి కాస్త నడిస్తే
వీధి మధ్యలోనే మా దేశం అయిపోతుంది.
అవతలి పేవ్‌మెంటు వల్గా, ఇంకో దేశం.
సారాకి వాళ్ళు ఇటొస్తారు, జీతానికి మావాళ్ళు అటు పోతారు.
నాటకానికి మాత్రం ఎవరూ గడప దాటరు.
అందుకే మా ముగ్గుర్నీ పిలిచారు.

తార్తూ నుంచి ఉర్మస్:
పొగడ్తని ఉప్పులా వాడే మనిషి,
చిటికెడు, అదీ చివర్న.
కౌనస్ నుంచి యొగైలె, ఇరవై ఆరేళ్ళది,
బూట్లు విప్పేసి, నేల మీద మఠం వేసుకుని చూస్తుంది నాట్యం.
రీగా నుంచి నేను, స్కైద్రితెని,
రెండు జతల కళ్ళద్దాలు, ఒక గళ్ళ నోటుబుక్కు.

ఒప్పందం: సమీక్ష ఒకటే, చేతులు మూడు,
అచ్చు మూడు భాషల్లో.

నాకూ ఉర్మస్‌కీ రష్యన్ వచ్చు,
బడిలో మందులా మింగించిన భాష.
తిట్టుకోడానికి తప్ప బయటికి తీయం.
ఆ పిల్లకి అదీ రాదు.
ఇక మిగిలింది ఇంగ్లీషు, అరువు గొడుగు.
ముగ్గురం దూరాం. ఎటు వంచి పట్టుకున్నా
ఎవరిదో ఒక భుజం తడుస్తూనే ఉంది.

ఒకప్పుడు అవిసెనార దాచిన గిడ్డంగి.
వీవె అనే నర్తకి. నెత్తి మీద బల్లచెక్క,
చెక్క మీద ఉప్పు గుట్ట. సంగీతం లేదు.
ఆ గోడ నుంచి ఈ గోడకి నడక, మళ్ళీ నడక.
బయట గూడ్సుబండి పోతే చెక్క వణికింది,
నాలుగు గింజలు రాలాయి.
ఆ చప్పుడు విన్నానని ఒట్టేసి చెప్పగలను.
ముప్పై ఒకటో నిమిషానికి ఆమె నేల మీద ఉంది.

రాత్రి, సత్రం వంటగది. బఠాణీలు, పందికొవ్వు.
"పడిపోయింది" అని రాశాడు ఉర్మస్.
కొట్టేసి, "వాలింది" అని రాసింది యొగైలె.
మోకాలు మెలిపడింది, మూడో వరసలోంచి చూశానన్నాడు.
అరచెయ్యి ముందే నేలని వెతుక్కుంది,
నేల మీద కూర్చున్నదాన్ని, నాకు తెలీదా అంది.
బఠాణీలు చల్లారిపోయాయి.
ఇద్దరూ నా వైపు తిరిగారు.
మూడో మనిషి ఉండేది ఇందుకేగా.

నోటుబుక్కు తెరిచాను.
ముప్పయ్యో నిమిషం దగ్గర నా చేతిరాత:
"మోసేవాళ్ళకి బరువు కనిపించదు, దారే కనిపిస్తుంది."
మంచి వాక్యం. చాలా మంచి వాక్యం.
దానికి నగిషీ చెక్కుతుండగా
ఆమె నేలకి చేరింది.
నలభై ఏళ్ళలో ఎంతమంది
నా కామాల చాటున కూలిపోయారో!

అబద్ధం పెదవి దాకా వచ్చింది.
ఎటు మొగ్గినా ఎవరో ఒకరు సంతోషిస్తారు.
"నేను చూడలేదు" అన్నాను.
ముందు రష్యన్‌లో జారింది, ఉర్మస్ తలెత్తాడు.
తర్వాత ఇంగ్లీషులో.
తర్వాత, ఎందుకో, నా లాత్వియన్‌లో, నాకోసమే అన్నట్టు.
మా భాషా యొగైలె భాషా అక్కచెల్లెళ్ళ బిడ్డలు,
పెళ్ళిళ్ళలో తప్ప కలవరు.
ఆ పిల్ల ఏదో దొరికినట్టు నన్ను చూసింది.

తెల్లారి ముగ్గురం గిడ్డంగికి పోయాం,
నర్తకినే అడిగేద్దామని.
ఆమె ఉప్పు ఊడుస్తోంది.
మేం నోరు తెరిచేలోపు చేట నా చేతికిచ్చింది.
వంగి పట్టుకున్నాను.
ఆమె కుంటుతోందో లేదో చూడబోయి, ఆగిపోయాను.
అడగలేదు. ఉర్మస్ తుమ్మాడు.

సమీక్షలో మూడు వాక్యాలూ పక్కపక్కనే పెట్టాం.
పడిపోయింది. వాలింది.
ఆ క్షణాన నేను చూడలేదు, రాసుకుంటున్నాను.

రీగాలో నా పత్రికే నా వాక్యం తీసేసింది,
చోటు చాల్లేదట.
పదిహేను రోజులకి కౌనస్ నుంచి కవరు:
వాళ్ళ పత్రికలోంచి కత్తిరించిన ముక్క,
నా వాక్యం కింద పెన్సిల్ గీత.
బస్సులో నిలబడి పైకే చదివాను.
సగం మాటలు గుర్తుపట్టలేకపోయాను.
"లేదు" మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే.