మూడోసారి

గురువారం పొద్దున మేయోలో వాన పడుతుంది.
పడకపోతే గురువారమని నమ్మం.
తడిసిన పశువుల వాసన, రంపపు పొట్టు, డీజిలు.
గుండ్రటి బరి పైన, చెక్కపెట్టె లాంటి గదిలో
మైకు ముందు ఫింటన్ గెరహీ.
పక్కన నేను, నా కలం, రసీదు పుస్తకం.

వేలానికి పాట అన్న పేరు ఆయన నోటనే నిజమయ్యేది.
అంకెలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని ఉరికేవి,
ఏడొందల యాభై, అరవై, డెబ్భై, ఎనభై ఎవరయ్యా,
ఆ మూల టోపీ కదిలిందా, ఆ కన్ను గీటిందా,
మధ్యలో ఊపిరెక్కడ పీల్చేవాడో
ఇరవయ్యేళ్ళు పక్కనే కూర్చుని కనిపెట్టలేకపోయాను.

మొదట పోయిన మాట పెయ్య.
బరిలోనే నిలబడి ఉంది, ఎర్రది, నుదుట తెల్లమచ్చ.
ఫింటన్ దాన్ని చూశాడు. నోరు తెరిచాడు.
"ఈ... ఈ తలుపు," అన్నాడు.
జనం నవ్వారు. ఆయనా నవ్వాడు.
నేను రసీదులో పెయ్య అని రాశాను.

తర్వాత అంకెలు.
ఎనిమిదొందలు దాటి మళ్ళీ ఆరొందలకు దిగేవాడు.
నాలుక మీద తడిగుడ్డ పరిచినట్టు మాట ముద్దయ్యేది.
పదకొండింటికి బాగానే ఉండేవాడు,
పన్నెండు దాటితే మంచు దిగేది.
కొండ మీది మంచుకు ఒక మర్యాద ఉంది, ఎండొస్తే లేచిపోతుంది.
ఇది కళ్ళ వెనకాల దిగేది.
"మాటలన్నీ అక్కడే ఉన్నాయి ఓర్లా," అన్నాడొకసారి,
"గేటు అవతల నిలబడి నన్నే చూస్తున్నాయి.
గడియ చేతికి దొరకడం లేదు."

మళ్ళీ తాగుతున్నాడన్నారు.
గ్లాసు ముట్టి పంతొమ్మిదేళ్ళయింది ఆయన.
నేనా మాట అనలేదు.
అనలేదు గానీ, ఒక గురువారం
కోటు కాలరు సర్దే నెపంతో వంగి
వాసన చూశాను.
వెన్న వాసన. రొట్టె వాసన.
నా రొట్టే.

పదకొండున్నరకు విరామం.
మజ్జిగ పోసి, సోడా వేసి, మా అమ్మ గీసినట్టే
పైన కత్తితో శిలువ గీసి కాల్చిన రొట్టె.
రెండు ముక్కలు ఆయనకు, ప్రతి గురువారం,
రోజ్‌లీన్ పోయిన ఏడాది నుంచీ.
మాట తడబడుతున్నకొద్దీ నీరసమనుకున్నాను,
ఇంకాస్త మందంగా కోశాను.

కాసల్‌బార్‌లో తల తీసిన ఫోటోలో ఏమీ లేదు.
చివరికి ఒక కుర్ర డాక్టరమ్మ
ఎవరూ అడగనిది అడిగింది: ఏం తింటారు?
"గోధుమ కావచ్చు. కచ్చితంగా చెప్పలేను.
మానేసి చూద్దాం."
గోధుమ! వానను అనుమానించమన్నట్టు.

ఇది ఆయన నాకు చెప్పలేదు.
నా ముక్కలు జేబులో వేసుకుని
వెనక దొడ్లో మెక్‌హేల్ గారి కుక్కకు పెట్టాడు, ఆరు వారాలు.
కుక్క లావెక్కింది. అలా తెలిసింది నాకు.
పెయ్య పోయింది, ఎనభై పోయింది,
సొంత మేనకోడలి పేరు పోయింది,
నన్ను నొప్పించే ఆ ఒక్క మాట మాత్రం
భద్రంగా ఉంది ఆయన దగ్గర. నోట్లోంచి రానీయలేదు.

ఆ రాత్రి పిండి డబ్బా తెరిచి
చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.
తెల్లగా, మెత్తగా, ఏమీ ఎరగనట్టు ఉంది.

ఇప్పుడు బంగాళాదుంపలు తెస్తున్నాను,
ఉప్పు రాసి, వెండికాగితంలో చుట్టి.
ఐదు నెలలు. పూర్తిగా తేరుకోలేదు.
ఒక్కో వారం అంకె జారుతుంది,
కలంతో బల్ల మీద తడతాను, అందుకుంటాడు.
ఒక్కో వారం తట్టినా అందుకోడు.

మొన్న ఎర్రదొకటి వచ్చింది, మచ్చ లేదు.
"పెయ్య," అన్నాడు మైకులో, నా వైపు తిరిగి,
అదేదో నాకు బాకీ ఉన్నట్టు.
పాట తొమ్మిదొందల దాకా పోయింది.
ఒకటోసారి.
రెండోసారి.
ఆగాడు.
రేకుల మీద వాన. బరి చుట్టూ టోపీలు.
కలం నా వేళ్ళ మధ్యే ఉంది.
నేను తట్టలేదు.