డబ్బాల గాలిమోటరు

మూడువందల పది రియాళ్లు.
సర్వేల కర్ర వట్టుకొని నిలవడే నాకు
రెండు నెలల జీతం, ఇంకింత.
కొన్న రాత్రి దాని పక్కన్నే పండుకున్న,
పసిపిల్ల పక్కల పండుకున్నట్టు
ఎటు మర్లితే ఏమైతదో అని.

నలభై ఒక్క రోజులు ఎగరలే అది.
బంకు మంచం కింద, బియ్యం సంచికి బూట్లకు నడుమ.
రాత్రి తీసి తుడుస్త,
రెక్కలు విప్పుత, మళ్ల మడుస్త.
నిండ చార్జి వెట్టిన బ్యాటరీ
వారం తిరిగేసరికి దానంతటదే దిగిపోతది.

సూర్‌ల సముద్రం ఊరి నడుమకొచ్చి కూసుంటది.
ఎండకాలం గాలి పిడికిళ్లతోని ఇసుక ఇసురుతది.
సిగ్నల్ పోతే?
నీళ్లల్ల వడితే?
ఎవలన్న అరబ్బాయన గోడ లోపట వడితే
తలుపు గొట్టి ఏ భాషల అడగాలె?
ఫోన్ల అన్ని పడ్డయే చూసిన.
ఖర్జూర చెట్టుకు తట్టుకున్నయి, చెరువుల మునిగినయి,
ఒకటైతే పెండ్లి బరాత్ మీదనే వడ్డది.
ఎవల నష్టమో, లెక్క మాత్రం నేను గట్టిన.

మా రూముల ఓదెలు స్కాఫోల్డింగ్ మేస్త్రి.
తంబాకు నలుపుకుంట అన్నడు:
"మొదటిసారి ఆరో అంతస్తు ఎక్కిననాడు
నేను గూడ నా ధర గట్టుకున్న.
పడితే ఇన్సూరెన్స్ ఎంత, పెట్టెల పంపే కర్సెంత.
లెక్క తెగేదాక ఒక్క పైపు బిగియ్యలే.
ఫోర్‌మన్ తిట్టిండు. బిగిచ్చిన.
భయం పోయిందనుకోకు,
బెల్టుకు కొక్కెం లెక్క దాన్ని గూడ నడుముకు తగిలిచ్చుకున్న.
నువ్వు ఎగరేస్తే ఎగరెయ్యి,
లేకుంటె ఇయ్యి, దానిమీద చాయ్ గిన్నె వెడ్త."

ఇంజనీర్ సారు పర్మిట్ కాగితం తెచ్చిచ్చిండు.
ఆఖరి సాకు గూడ పోయింది.

గురువారం రాత్రి దాని కడుపు మీద స్టిక్కర్ అతికిచ్చిన.
నా ఫోన్ నెంబరు. దాని కింద శహీదుల్
అరబ్బీల రాసిండు: దొరికినోళ్లు దయుంచి చెప్పుండ్రి.
ఇంక సిరా ఆరకముందే
నా చేతుల వణుకు కొంచెం ఆగింది,
పోయేదానికి అడ్రసు దొరికినట్టు.

శుక్రవారం, నమాజుకు ఇంక శాన టైమున్నది.
ఊరవతల రాళ్ల మైదానం.
మోకాలెత్తు లేపిన, దించిన.
నడుమెత్తు. దించిన.
"కోడిపిల్లను ఆడిపిస్తున్నవా?" అన్నడు ఓదెలు.
బొటనవేలు ముందుకు నూకిన.

తేనెతుట్టె కదిలినట్టు మోత, ఆ మోత సన్నగైంది,
తెర మీద మూడు చుక్కలు మిగిలినయి.
అండ్ల నడిమి చుక్క నేను.
ఆరేండ్ల నుంచి కర్రతోని ఎండల నిలవడ్డ,
దూరం కెల్లి అద్దంల ఎవలో నన్ను చూస్తుంటే,
కుడికి జరుగు, ఎడమకు జరుగు అని చెయ్యూపుతుంటే.
ఇయ్యాల ఆ అద్దం నా చేతుల ఉన్నది.
ఎండిన వాగు నేల మీద కొమ్మలు వేసింది,
నేను కొలిచిన రోడ్డు గింత సన్నదా!
"కుడికి జరుగు" అన్న ఓదెలుతోని. జరిగిండు.

అప్పుడు తెర నల్లబడ్డది.

శహీదుల్ గుటక మింగిండు.
నేను లెక్క గట్టబోయిన,
మూడువందల ఎంతనో, యాదికి రాలే.
వాగు కొమ్మలే కండ్లల్ల ఉన్నయి.
ఎన్ని సెకండ్లో. ఓదెలు పదకొండు అంటడు.

మోత మొదలు ఇనవడ్డది, అటెన్క చుక్క కనవడ్డది.
లేచిన జాగనే దానికి ఇల్లు, ఇంకేం తెలువదు.
తొందరల పక్క రాయి మీద దించిన,
ఒక రెక్క కొన విరిగింది.
కొత్తది ఒకటిన్నర రియాలు.
నవ్వొచ్చింది నాకు, మొదట నాకే.

ఆ డబ్బల ఇప్పుడు ఉల్లిగడ్డలు వోస్తున్నం.