తప్పొప్పుల పట్టిక

రలిత్సా,
నీ నవల చదివాను.
మూడు రాత్రులు పట్టింది.
కళ్ళజోడు కాలు విరిగితే దారంతో చెవికి కట్టుకున్నాను.
మీ తాత ప్రూఫులు దిద్దిన ఎర్ర పెన్సిలు
సొరుగులో ఇంకా బెత్తెడు మిగిలుంది.
అది పట్టుకునే కూర్చున్నాను. ఏమీ అనుకోకు.

పన్నెండో పేజీలో
డాన్యూబ్ ఒడ్డున వెన్నెల్లో కలిశామన్నావు.
వెన్నెలా పాడా!
రుసె రేవులో పుచ్చకాయల పడవ ఆగితే
వరసలో నా ముందు నిలబడి
ఆఖరి మంచి కాయ ఎత్తుకుపోయాడు.
నేను తిట్టాను, తుర్కీలో.
అర్థం కాలేదు అతనికి.
"ఇంకోసారి అను" అన్నాడు.
అన్నాను.

నీ కథలో మా అమ్మ గుండెలు బాదుకుంది.
మా అమ్మ ఏమీ బాదుకోలేదు.
ఆ శుక్రవారం పరుపు విప్పి
ఉన్నినంతా దులిపి, ఎండబెట్టి,
పొద్దువాలేలోగా మళ్ళీ కుట్టేసింది.
తర్వాత ఏడాదిపాటు నా పేరు పలకలేదు.
ఏడుపు రాయడం ఎవరైనా రాస్తారు.
పరుపు దులపడం రాయి.

అత్తగారు మంచిదని రాశావు. నిజమే.
మంచిది కనుకే మొదటి ఈస్టర్‌కి
ఎర్రరంగు గుడ్డు నా నుదుటికి రాసింది,
ఆరోగ్యమని.
నేను పెరట్లోకి పోయి కడుక్కున్నాను.
ఆవిడ కిటికీలోంచి చూసింది.
మరుసటేడు గుడ్డు నా చేతిలోనే పెట్టి
"రాసుకుంటే రాసుకో, లేదా తినెయ్" అంది.
తిన్నాను. ఉప్పు ఆవిడే అందించింది.

దేవుడి గురించి మా ఇద్దరిచేత
ఇరవై పేజీలు వాదింపజేశావు.
దేవుడి ఊసు మాకెప్పుడు తీరింది తల్లీ?
మా పోట్లాటంతా పందికొవ్వు వేయించిన మూకుడు మీద.
నాదొకటి, తనదొకటి.
రెండు మేకులకు ముప్పై ఏళ్ళు పక్కపక్కనే వేలాడాయి,
తలుపు తీసినప్పుడల్లా
గాలికి ఒకదాన్నొకటి తట్టుకుంటూ.

ఇక ఆ చలికాలం.
మా పేర్లు మార్చిన చలికాలం.
నీ నవల్లో మీ తాత బల్ల గుద్ది
ఆఫీసరు ముందు ఉపన్యాసం ఇచ్చాడు.
చదువుతుంటే నాకే ముచ్చటేసింది.

అసలు జరిగింది ఇది.
గుమాస్తా కలం సిరాలో ముంచి
"ఏం పేరు రాయమంటావు?" అన్నాడు.
నాకు నోరు పెగల్లేదు.
పక్కనుంచి మీ తాత, నేల చూస్తూ,
"నదెజ్దా" అన్నాడు.
ఒక్క మాట. అంతే అతను మాట్లాడింది.
నజ్మియే అనే నేను
రబ్బరు స్టాంపు ఆరేలోపు నదెజ్దానయ్యాను.

ఇది నీకు తెలీదు, ఎవరికీ చెప్పలేదు.
వసంతంలో కోటు ఉతకబోతే
లోజేబులో ప్రూఫు కాగితం దొరికింది.
ఎంచుకోదగ్గ పేర్ల పుస్తకంలో న అక్షరం పేజీ.
వాళ్ళ ప్రెస్సులోనే అచ్చయింది.
దిద్దింది అతనే.
ఒక్క అచ్చుతప్పు లేదు.
ఒక పేరు పక్కన మాత్రం చిన్న ఎర్ర చుక్క.
ఆశ అని దాని అర్థం.
నెల ముందే నాకోసం ఏరి ఉంచాడు.

దాన్ని చింపలేదు, దాచలేదు.
మూకుడు తుడిచాను దానితో.

ఆ తర్వాత ఐదేళ్ళు
అతను నన్ను పేరుపెట్టి పిలవలేదు.
కొత్త పేరు నోరాడక, పాత పేరు పలికే మొహం లేక
"ఇదుగో" అనేవాడు.
నేనూ "ఇదుగో" అనే పలికేదాన్ని.
మా అక్కావాళ్ళు కారు మీద పరుపులు కట్టి
సరిహద్దు దాటిన వేసవిలో
"ఇదుగో, నువ్వూ వెళ్తావా?" అన్నాడు.
పప్పులో ఉప్పు చూస్తున్నాను.
జవాబు చెప్పడం మరిచిపోయాను.

పేర్లు తిరిగి ఇచ్చిన రోజు
కాగితం తెచ్చి బల్లమీద పెట్టాను.
కళ్ళజోడు తుడుచుకుని, పెన్సిలు పుచ్చుకుని
అక్షరం అక్షరం వేలు పెట్టి చదివాడు.
రెండుసార్లు చదివాడు.
"సరిగ్గానే ఉంది, నజ్మియే" అన్నాడు.

ఇవన్నీ చేర్చమనడం లేదు.
చివరి పేజీలో మమ్మల్ని పడవెక్కించి పంపించేశావు,
బాగుంది, ఉండనీ.
వచ్చే ఆదివారం రా.
మేకుల మీద మూకుళ్ళు రెండూ అలాగే ఉన్నాయి.
ఒకటి నీకిస్తాను.
ఎవరిదో మాత్రం అడక్కు.