సుద్ద పూసిన టేపు

మార్చి రెండో వారం. గాలికి ఇంకా పళ్ళున్నాయి.
ఉక్కు టేపు చివర ఇరవై అడుగులకి నీలం సుద్ద రాసి
వెర్నా కుచెరా బోరుబావి మూత తీస్తాను.

నా ఉద్యోగం ఇంతే.
ప్లాట్ నదికి దక్షిణాన నూట పన్నెండు బావులు,
ఏడాదికి రెండుసార్లు టేపు దింపడం,
సుద్ద ఎక్కడ తడిసి నల్లబడిందో చూసి రాసుకోవడం.

నూట ఏడు అడుగుల ఆరంగుళాలు.
"నిరుటికంటే?" అంటుంది వెర్నా, పొలం బూట్లలో,
కోటు గుండీలు పెట్టుకోకుండా.
"అడుగున్నర కిందికి."
ఆమె నోట సంవత్సరాలు రావు.
పెళ్ళి అరవై నాలుగు దగ్గర.
పెద్దాడు పుట్టింది అరవై తొమ్మిది దగ్గర.
మిలో పోయింది తొంభై ఎనిమిదిలో, కోతల మధ్య,
ఆపే మనిషి లేక కంబైన్ ఇంజను
చీకటి పడేదాకా ఉన్నచోటే గుర్రుమంటూ ఉందట.

ఎనభయ్యో నంబరు రహదారి మీద పోయేవాళ్ళు
ఈ రాష్ట్రాన్ని నిద్రలో దాటేస్తారు.
చూడ్డానికేముంది అంటారు.
నిజమే, మాకున్నదంతా కిందే.
ఉత్తరాన ఇసుక కొండలు గడ్డి దుప్పటి లాక్కుని పడుకున్నాయి,
ఒక్కచోట చిరిగితే చాలు, లేచి నడుస్తాయి.
మనిషికి మూడు పశువుల లెక్కన బతుకుతాం.
విమానంలోంచి చూస్తే పొలాలు
ఎవరో అప్పడాలు ఆరబెట్టి మరిచిపోయినట్టు గుండ్రంగా.
నడిమధ్య బోరు, దాని చుట్టూ
చక్రాల మీద గడియారం ముల్లులా తిరిగే పైపు.
పండిన మొక్కజొన్న పశువులు తింటాయి, కార్లు తాగుతాయి,
మా కంచాల్లోకి వచ్చేది గుప్పెడు.

ఓటో వాళ్ళ మాటలో నెబ్రాస్కా అంటే చదునైన నీళ్ళు.
పేరు ఉంచుకుని, పెట్టినవాళ్ళని పంపేశాం.

మధ్యాహ్నం ఊళ్ళో ఆగుతాను.
మాంసం ఫ్యాక్టరీ షిఫ్టు మారే వేళ
హోదన్ వర్సామె దుకాణం కిక్కిరిసి ఉంటుంది.
గ్వాతెమాలా కొండల యులాలియా త్సోక్
ఎనిమిది గంటలు ఒకే కోత కోసిన చేతిని
రెండో చేత్తో తెరుస్తుంది, ఒక్కొక్క వేలే,
టీ గ్లాసు పట్టుకోవడానికి.

నా నీలం వేళ్ళు చూసి హోదన్ నవ్వుతుంది.
"మా నాయన తాడుకి ముడి వేసేవాడు,
నీళ్ళు దిగినప్పుడల్లా ఒకటి.
ఒక ఏడు తాడంతా ముడులే అయింది. వచ్చేశాం."
అదే గొంతుతో చిల్లర లెక్కపెట్టి ఇస్తుంది.

వెర్నా బావి తవ్వింది మా తాత.
రిగ్గు మీద ఆయన పేరు పసుపు అక్షరాల్లో ఉండేది.
"సముద్రం మీద కూర్చున్నాం రా, తోడుకో" అనేవాడు.
తప్పని ఎలా అనను?
ఆ డబ్బుతోనే నా వంకర పళ్ళకి తీగ కట్టించారు.

సాయంత్రం నది.
బూడిదరంగు కొక్కెరలు వేలకు వేలు దిగుతున్నాయి,
కీచుమనే వెయ్యి తలుపులు ఆకాశంలో ఒకేసారి తెరిచినట్టు.
పగలంతా కోసిన చేలల్లో పరిగె ఏరుకుని
రాత్రికి మోకాలి లోతు లేని నీళ్ళలో నిలబడతాయి.
నీళ్ళు ఎక్కువైతే కాలు ఆనదు.
తక్కువైతే నక్కలొస్తాయి.
వాటికి టేపు అక్కర్లేదు, కాళ్ళే కొలత.

ట్రక్కులో లైటు వేసుకుని ఫారం నింపుతాను.
పొద్దున బయల్దేరబోతుంటే వెర్నా అడిగింది,
"ఇంకెన్ని అడుగులకి అడుగు తగులుతుంది?"
ఫారంలో ఆ గడి లేదు.
మాట మార్చడానికి, ఈ ఏడూ మొక్కజొన్నేనా అన్నాను.
"విత్తనం కొనేశాను" అంది,
టేపు చివర తడిసిన సుద్దని బొటనవేలితో తుడిచి
కోటుకి రాసుకుంటూ.