ఏడు వందల నలభై తొమ్మిది

టికెట్టు అయిపోయింది.
విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై, మళ్లీ విశాఖ.
నాలుగు రాత్రులు, సముద్రం కనిపించే గది,
నేనూ మా ఆడపడుచు నూకరత్నమూ.
ఆఖరి పేజీలో ఒక ఖాళీ పెట్టె మిగిలింది:
ప్రయాణ బీమా కావాలా?
మనిషికి ఏడు వందల నలభై తొమ్మిది.

నన్నా అడగడం!
డాబాగార్డెన్స్‌లో రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల,
ఇరవై ఆరేళ్లు క్లెయిముల సెక్షను.
ఎవరి కాలు విరిగినా, ఎవరి లారీ తిరగబడినా
ముందు నా ముందుకే వచ్చేది.
నీళ్లలో నానిన కాగితాలకి ఒక వాసన ఉంటుంది,
ఫ్యాను కింద ఆరేసినా పోదు.

"కట్టేయ్ వదినా, పోయేదేముంది" అంటుంది రత్నం.
దానికి ఓడంటే తేలే హోటలు.
డాల్ఫిన్స్ నోస్ దాటేవరకైనా మెలకువగా ఉంటుందో లేదో.
నాకు మోకాలు, బీపీ, ఎడమ కంట్లో పెట్టిన అద్దం.
"ముందునుంచీ ఉన్న జబ్బులు" అని ఒక గడి.
అరవై మూడేళ్లకి
ముందునుంచీ లేనిదేముంది ఒంట్లో!

రాత్రి ఇరవై రెండు పేజీలూ చదివాను, భూతద్దం పెట్టుకుని.
తుఫాను ముందే ప్రకటించి ఉంటే చెల్లదు.
ఆలస్యం ఆరు గంటలు దాటాలి,
ఐదూ యాభై నిమిషాలైతే చెల్లదు.
కడుపులో తిప్పితే అసలే చెల్లదు, సముద్రంలో అది సహజం.
ఆ వాక్యాల నడక నాకు తెలుసు.
నా చేత్తో ఎన్నిసార్లు రాయలేదు,
కర్త లేకుండా, ఎవరూ చేయనట్టు:
"పరిశీలించి తిరస్కరించడమైనది."

మేడ మీదికి వెళ్లాను.
చినవాల్తేరు చీకటికి అవతల
లంగరేసిన ఓడలు దీపాలు పెట్టుకుని
రేవులోకి పిలుపు కోసం కూర్చున్నాయి,
మా ఆఫీసు వరండాలో టోకెన్లు పట్టుకున్న వాళ్లలా.

పొద్దున్నే కాసులమ్మ గంప దించింది.
"ఏటి తల్లీ, మొకం అలాగుంది? నిద్దర్లేదా?"
చెప్పాను.
"ఎంతేటి?"
"ఏడొందల నలభై తొమ్మిది."
"కేజీ వంజరం" అంది వెంటనే.
"ఏటీ అవకపోతే ఎంతిత్తారు?"
"ఏమీ ఇవ్వరు."
"సేపైతే కూరైనా అవుద్ది."
నవ్వి, కత్తిపీట పరుచుకుంది.
"మాయన ఏటకెల్లేటప్పుడు నాను ఒడ్డుకెల్లను తల్లీ.
ఎల్తే ఎనక్కి తిరిగి సూత్తాడు.
ఎనక్కి సూసినోడి కాలు జారద్ది.
అదే మా కట్టుబడి."

ఆమెకి తెలుసో, తెలియదో.
పెద్ద తుఫాను ఏడాది
వాళ్లాయన దానయ్య పడవ గోడకి కొట్టుకుని రెండైంది.
పాలసీలో రాసింది ఒక జెట్టీ,
ఆ రాత్రి కట్టింది పక్క జెట్టీ.
మధ్య నలభై అడుగులు.
ఆ నలభై అడుగుల కింద ఎర్ర సిరాతో గీత.
సంతకం మా మేనేజరుది.
గీత నాది.

"మరి ఏటైనా అయితే, ఆ కాయితం ఎవులు సూత్తారు?"
"ఆఫీసులో ఎవరో."
"మంచోలేనా?"

వంజరం తల తెగింది.
"నాలాంటి వాళ్లే" అన్నాను.

కాసులమ్మ ఏమీ అనలేదు.
ముక్కలు తూచింది. ముల్లు నిలిచాక
రెండు కవ్వళ్లు పైన వేసింది, ఎప్పట్లాగే.

ఆవిడ వెళ్లాక గుమ్మంలోనే ఫోను తీశాను.
తడి వేలికి పెట్టె పలకలేదు.
కొంగుకి తుడుచుకుని మళ్లీ నొక్కాను.
పొలుసొకటి అద్దానికి అంటుకుంది.

నామినీ పేరు అడిగింది.
నూకరత్నం అని రాశాను.
దాని కాగితంలో నా పేరుంటుంది.
ఒకే ఓడ, ఒకే గది, పక్కపక్క మంచాలు.
ఎక్కడో రెండో అంతస్తులో, కిటికీ పక్కన
ఎవరో ఒకమ్మాయి
దీని కింద గీత గీస్తుంది.