ఘర్షణ నష్టం

లా పాజ్ నుంచి ఒక మనస్తత్వ శాస్త్రవేత్త వచ్చి
మా సివిల్ విభాగానికే పాఠం చెప్పి వెళ్లింది.
భయం పిల్లల్ని ఎంతదూరం లాగుతుందో, ఎక్కడ తెగుతుందో
తెరమీద గీతలు గీసి చూపించింది.
మేం ఇంజినీర్లం. ఆవులించాం.
"ప్రేరణకి కొలమానం ఏమిటమ్మా, న్యూటన్లా, పాస్కల్సా?"
అని డాన్ ఎలియోదొరో అడిగితే
అందరితోపాటు నేనూ నవ్వాను.

ఆ రాత్రి పేపర్లు దిద్దుతుంటే
ఒకచోట ఎర్ర పెన్ను ఆగింది.
ఫెర్మిన్ కోల్కె. నూటికి పదిహేడు. మూడోసారి.
'వీడి బుర్రకి ఎక్కదు' అని
తొమ్మిదేళ్లలో ఎంతమందిని తేల్చేశానో!

మార్కు వెయ్యలేదు.
"ఎక్కడిదాకా నీ లెక్క మీద నీకు నమ్మకం?"
అని మాత్రం రాసి ఇచ్చాను.
వాడు కాగితాన్ని తిరగేసి మరగేసి వెతికాడు,
అంకె ఎక్కడ దాచానోనని.

మర్నాడు పుస్తకం మూసి
ఒరూరో మ్యాపు బోర్డుకి అంటించాను.
"కొండమీది పేటకి నీళ్లెందుకు ఎక్కవు?"
చలికి చేతులు చంకల్లో దాచుకున్న నలభైమంది
తలలెత్తారు.
పంపు బలం, కొండ ఎత్తు, తీసివేతలు, కూడికలు.
అడుగున గీత కొట్టి అన్నాను:
"లెక్కప్రకారం ఎక్కాలే మరి!"

తలుపు పక్క బెంచీలోంచి
రాత్రంతా మినీబస్సు నడిపిన గొంతు:
"ఎక్కవు, ఇంజినీర్. గొట్టం ముసలిది. లోపలంతా తుప్పు.
మూడింటికి లేచి బకెట్ పట్టుకు నిలబడేది నేనే కదా."

ఘర్షణ నష్టం.
రాయడం మరిచిపోయాను.
కావాలనే వదిలాననుకున్నారు పిల్లలు.
కాసేపు అనుకోనిచ్చి
తర్వాత నిజం చెప్పేశాను.

సుద్దముక్క వాడికిచ్చాను.
గుణకం తప్పు వేశాడు. చెరిపాడు.
మళ్లీ తప్పే వేశాడు.
ఎవరూ నవ్వలేదు. నేను గడియారం చూడలేదు.
తొమ్మిదేళ్ల ఉద్యోగంలో
ఇంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

ఇన్నాళ్లూ ఊట ఎండిపోయిందనుకున్నాను.
గొట్టాన్ని నేనని తెలీదు.

ఆఖరి పరీక్షలో ఫెర్మిన్‌కి యాభై ఒకటి.
ఇక్కడ గట్టెక్కడానికి సరిగ్గా అంతే కావాలి.
దయతలచి వేసింది ఒక్కటీ లేదు, రెండుసార్లు కూడాను.
కొలమానం ఇంకా తెలియలేదు, డాన్ ఎలియోదొరో.
కానీ చివరి లెక్క పక్కన, మార్జిన్లో,
నేను అడక్కుండానే వాడు రాశాడు:
"ఇక్కడిదాకా నమ్మకం. ఇక్కణ్ణించి లేదు."
కింద ఒక బాణం గుర్తు.

బాణం మొన
సరిగ్గా తప్పు మీదే ఉంది.